మలుగు పుట్టిల్లు

మా ఇంట్లో మా అత్త మాటకు ఎదురు చెప్పేది నేనొక్కదాన్నే. నా మాటకు ఎదురు చెప్పేది ఆమె ఒక్కతే. మా ఆయన ఇద్దరి మధ్య కూర్చుని సంగటి తిని, చెయ్యి కడుక్కుని, తోటకు పోతాడు. ఇన్నేళ్ళలో చీరల గురించో బంగారం గురించో మేం మాటామాటా అనుకున్నది లేదు. నిజంగా పోట్లాడుకున్నది ఒక్కసారే, అదీ బావిలో ఉన్న చేప కోసం.

మా ఊరు ఒంటిమిట్టకూ సిద్ధవటానికీ నడుమ పెన్న ఒడ్డున ఉంది. ఏటి ఒడ్డు అనగానే కోస్తావాళ్ళు పచ్చదనం ఊహించుకుంటారు. మా పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. ఎగువన వానలు పడితే పది రోజులు నది, ఆ తర్వాత మళ్ళీ గొర్రెలు నడిచే దారి. ఆ ఇసుక పక్కన మా అరటితోట, తోట మూలన రాతికట్టు దిగుడుబావి. బావి గోడలో మనిషి చెయ్యి పట్టేంత తూము ఒకటుంది. ఏరు పొంగినప్పుడు బావి నిండితే, ఎక్కువైన నీళ్ళు ఆ తూములోంచి కాలవలోకి, కాలవలోంచి ఏట్లోకి పోవాలని పాతకాలం వాళ్ళు పెట్టారు. నేను కాపురానికి వచ్చేసరికే మా మామ ఆ తూములో ఒక నల్లరాయి దూర్చి సున్నంతో బిగించేశాడు. బావిలోని మలుగు బయటికి పోకుండా.

మలుగంటే పాములా సాగి, నున్నగా జారే చేప. మలుగుపామని కూడా అంటారు. మా బావిలోది నేను చూసేనాటికే చెయ్యంత లావు, నా భుజం దాకా పొడుగు. మా అత్త పెళ్ళినాటికే అది పిల్లగా అక్కడ ఉందట. మా వైపు బావిలో మలుగు ఉంటే అదృష్టం. మలుగున్న బావి ఎండదని నమ్మకం. దాన్ని పట్టకూడదు, కొట్టకూడదు, తినే మాట అసలే అనకూడదు. మా ఇంట్లో కోడి కోస్తే పేగులు మలుగువి. పక్కతోట సాయిబుల ఇంట్లో పెళ్ళయితే, మాకు బిర్యానీ పంపేటప్పుడు మలుగుకని నాలుగు మాంసం ముక్కలు విడిగా ఆకులో కట్టి పంపేవాళ్ళు. ఫలానా చేపను రక్షించాలని ఈ ఊరికి ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే రక్షించారు.

రక్షించే పద్ధతిలోనే ఉంది తిరకాసు. తూము మూసినా మలుగు ఊరుకునేది కాదు. పెన్న పారిన ఏడాది, వాన వెలిసిన పొద్దున, బావి మెట్ల మీదుగా ఎక్కొచ్చి అరటిచెట్ల మధ్య కాలవలో దొరికేది. ఒళ్ళంతా బురద, పొట్ట కింద గీరుకుపోయిన గుర్తులు. మా అత్త పరుగెత్తుకొచ్చేది. "దోవ తప్పింది పాపం. పా తల్లీ, ఇంటికి పోదాం" అని తడి గోనెసంచిలో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మళ్ళీ బావిలో వదిలేది. మామ ఉన్నన్నాళ్ళూ మామ, ఆయన పోయాక ఆమె. ఏరు పారినప్పుడల్లా ఇదే తంతు. అది పట్టుబట్టి బయటికి రావడం, వీళ్ళు అంతకన్నా పట్టుబట్టి లోపల పెట్టడం.

ఈలోగా బావే కిందికి దిగిపోయింది. చుట్టూ బోర్లు పడ్డాయి, మావి కూడా. నా కాపురం కొత్తల్లో మూడో మెట్టు మీద కూర్చుని కాళ్ళు తడుపుకున్న బావిలో ఇప్పుడు అడుగున మోకాలి లోతు నీళ్ళు. మలుగు అందులోనే సుళ్ళు తిరిగేది. పోయిన ఏడాది వర్షాకాలం మొదలయ్యేసరికి అది తిండి మానేసింది. సంగటి వేసినా, పేగులు వేసినా ముట్టదు.

"అలిగింది. నీళ్ళు తగ్గినాయని అలిగింది" అంది అత్త.

కార్తీకంలో తుపాను వాన పడి పెన్న సన్నగా పారింది. ఆ మర్నాడు పొద్దున మలుగు మళ్ళీ కాలవలో కనబడింది. అన్ని మెట్లు ఎలా ఎక్కిందో దానికే తెలియాలి. మా అత్త సంచి తెచ్చింది. సరిగ్గా అప్పుడే తోట గట్టు మీద చేపలాయన ఆగాడు. నెల్లూరు సముద్రపు ఒడ్డున పల్లెకారుల మనిషి, వారానికోసారి ఐసుపెట్టెల వ్యానులో మా ఊళ్ళు తిరుగుతాడు. ఆదివారం కావడంతో నేనూ అక్కడే ఉన్నాను.

"ఏందమా, దీన్ని యాడికి తీసకపోతా ఉండారు?" అన్నాడు.

"బావికి నాయనా. ఎప్పుడూ ఇంతే, దోవ తప్పుతాది" అంది అత్త.

ఆయన దిగొచ్చి సంచి విప్పి చూశాడు. "దోవ తప్పడమేందమా! కళ్ళు చూడండి, ఎంత పెద్దవైనాయో. పొట్ట తెల్లబడింది. తిండి గూడా మానేసుంటాదే?"

అత్త నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను.

"ఇది సముద్రంలో పుట్టిన చేప. పిల్లప్పుడు ఏటికి ఎదురొచ్చి మంచినీళ్ళలో పెరుగుతాది. గుడ్లు పెట్టే కాలానికి మళ్ళీ సముద్రానికే పోతాది. మా తాత చెప్పేవాడు, పెన్నలో ముందు ఇవి బాగా ఉండేవంట. ఇప్పుడు మా వలల్లో గూడా పడవు. మీ బావిలో ఒకటి మిగిలిందంటే నాకే ఆశ్చర్యంగా ఉండాది" అన్నాడాయన.

ఆయన పోయాక మా అత్త ఏమీ విననట్టే మలుగును బావిలో వదిలేసి వచ్చింది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకరు చెప్పింది నమ్మి ఊరుకునే రకం కాదు. ఆ వారమంతా దొరికిందల్లా చదివాను. చేపలాయన చెప్పింది నిజమే. మంచినీళ్ళలో ఏళ్ళకేళ్ళు బతికి, ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టడానికి సముద్రం దారి పట్టే జాతి అది. దారి దొరక్కపోతే ఎదురుచూస్తూ ముసలిదైపోతుంది. ఇది చదివిన పూట నాకు అన్నం సయించలేదు. అన్ని సార్లు ఆ మెట్లెక్కింది ఇందుకా అనుకున్నాను. బాధ నాలో ఎక్కువసేపు బాధగా ఉండదు, పట్టుదలైపోతుంది. దాన్ని సముద్రంలో వదలాల్సిందేనని తేల్చుకున్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాటే చెప్పాను.

"మీ మామ సాకిన పానం అది. నేనుండంగా ఈ తోట దాటి పోయేదానికి లేదు. మలుగు పోతే బావి పోయినట్లే" అంది అత్త.

"బావి ఎప్పుడో పోయిందత్తా. చుట్టూ బోర్లేసింది మనమే. మలుగు ఉండంగానే ఎండింది గదా!"

"నోటికొచ్చినట్ల మాట్లాడాకు."

"ఏట్లో ఇడిస్తే సరిపోదా? అదే పోతాదిలే" అన్నాడు మా ఆయన, గొడవ సర్దుదామని.

"యాడికి పోతాది? కింద సోమశిల డ్యాం లేదా? గేట్ల కాడ చిక్కుకోని చస్తాది" అన్నాను. ఆయన మళ్ళీ సంగటి మీద పడ్డాడు.

మా అత్త ముఖం తిప్పుకుంది. అప్పుడు నాకు ఏ పుస్తకంలోనూ లేని మాట నోటికొచ్చింది.

"అత్తా, అది దోవ తప్పలేదు. దోవలోనే ఉండాది. పురిటికి పుట్టింటికి పొయ్యే ఆడమనిషిని ప్రతిసారీ ఊరి బయట నిలేసి, దోవ తప్పినావని ఎనక్కి తెచ్చి తలుపేస్తాండాము."

మా అత్త పుట్టినూరు పెన్న ఒడ్డునే, మాకు దిగువన ఉండేది. ఇప్పుడు లేదు, సోమశిల నీళ్ళ కింద ఉంది. మా ఆయన ఆమెకు మొదటి బిడ్డ. ఆయన కడుపులో ఉన్నప్పుడే ఆ ఊరు ఖాళీ అయింది. ఆమెను పురిటికి తీసుకెళ్ళాల్సిన అన్న, విప్పిన ఇంటి దూలాలు బండికెత్తుకుని, ఇల్లు ఎక్కడ కడతాడో తనకే తెలియక, ఇక్కడిదాకా వచ్చి ఉత్తచేతులతో వెనక్కి పోయాడట. తల్లి లేకుండా ఈ ఇంట్లోనే కన్నది. ఆ మాట ఆమె నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, నా కూతురు కడుపులో ఉండగా నేను పురిటికి మా అమ్మగారింటికి పోయేటప్పుడు.

ఆమె కంచం పక్కకు నెట్టి లేచి వెళ్ళిపోయింది. నేను గెలిచానని అనుకోలేదు. మరీ ఎక్కువన్నానేమోనని భయమేసింది.

మర్నాడు నేను బడికి బయల్దేరేవేళకు అత్త బావి అడుగున ఉంది. మోకాళ్ళ నొప్పులతో గుడి మెట్లెక్కడం మానేసిన మనిషి అన్ని మెట్లూ దిగి, తడి గోనెసంచి మూతి తెరిచి, లోపల రెండు రాళ్ళు పెట్టి, చీకటి మూలలో పరుస్తోంది. మలుగుకు ఇరుకు, చీకటి కావాలి. సంచి పెడితే అదే దూరుతుంది, పట్టాల్సిన పని లేదు.

"నీళ్ళు పట్టేదానికి ఏమన్నా చూడు. ఊరికే నిలబడి చూస్తాండావు" అని కిందినుంచి నన్ను కసిరింది.

ఆ కసురు వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు బడికి సెలవు పెట్టాను.

మా ఆయన ఉత్సాహంగా ఒక నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. వాసన చూస్తే అరటికి మందు కలిపే డ్రమ్ము. "పుట్టింటికి పంపమంటే కాటికి పంపేటట్ల ఉండావే!" అని అత్త కొడుకును నాలుగు తిట్టింది. చివరికి పెళ్ళిళ్ళలో తాగేనీళ్ళు పట్టే డ్రమ్ము సాయిబుల ఇంటి నుంచి వచ్చింది. దాన్నిండా మా బావినీళ్ళే పోశాం. మూతకు చిల్లులు పెట్టాం. చేపలాయనకు ఫోన్ చేస్తే, "ఊరికే ఒడ్డున ఎక్కడంటే అక్కడ ఇడవమాకండి, నేను చూపిస్తా" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే, సంచిలో దూరిన మలుగును డ్రమ్ములోకి జార్చి, బొలెరోలో బయల్దేరాం. వెనక డ్రమ్ము, డ్రమ్ము మీద మా అత్త. మూత తాడుతో కట్టాం, అయినా మలుగు తలతో పొడుస్తూనే ఉంది. తాడు మీద ఆమెకు నమ్మకం లేదు. బద్వేలులో టీకి ఆగితే, టీ కొట్టతను డ్రమ్ము కదలడం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏముందవ్వా దాంట్లో? పామా?"

"మా కోడలు. పురిటికి పుట్టింటికి పంపిస్తాండాము" అంది మా అత్త, టీ ఊదుకుంటూ.

పక్కనే నిలబడ్డ అసలు కోడలిని నేను. అతను నన్నూ డ్రమ్మునూ మార్చి మార్చి చూశాడు.

సముద్రం ఇంకా కనబడకముందే ప్లాంటు పొగగొట్టాలు కనబడ్డాయి. బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు. చేపలాయన మమ్మల్ని రోడ్డు మీదే కలిసి, బండిని అటు పోనివ్వకుండా పెన్న సముద్రంలో కలిసే చోటికి మళ్ళించాడు. దారిలో చెప్పాడు. ఆ ప్లాంటు యంత్రాలు చల్లబడడానికి రాత్రీ పగలూ సముద్రపు నీళ్ళు లోపలికి లాగుతుంది. నీళ్ళతోపాటు చేపలూ పోతాయి. పెద్దవి జాలీకి అతుక్కుని చస్తాయి, గుడ్లు, పిల్లలు జాలీ దాటి గొట్టాల్లోకే పోతాయి. వాడిన నీళ్ళు వేడిగా మళ్ళీ బయటికి వదులుతారు. "ఆ దగ్గర్లో దించినారంటే, ఇంత దూరం తెచ్చి దాని నోట్లో పెట్టినట్టే" అన్నాడు.

మా అత్త మొదటిసారి సముద్రాన్ని చూసింది. ఎంతుందని అడగలేదు, ఆశ్చర్యపోలేదు. "ఇన్ని నీళ్ళుండే ఇంటిపిల్లను మోకాటి లోతులో పెట్టినాము" అంది అంతే.

చేపలాయన పడవలో డ్రమ్మును నది మూతి దాటించాడు. నేనూ అత్తా కూర్చున్నాం, మా ఆయన ఒడ్డునే ఉండిపోయాడు, ఆయనకు నీళ్ళంటే భయం. అత్త కొంగుముడి విప్పింది. పసుపు, కుంకుమ, గుప్పెడు ఒడిబియ్యం. ఆడపిల్లకు పెట్టినట్టే నీళ్ళలో పెట్టింది. తర్వాత ముగ్గురం డ్రమ్ము వంచాం. మలుగు తల బయటపెట్టి ఒక్క క్షణం ఆగింది. అలవాటు ప్రకారం వెనక్కి తెస్తామని చూసిందేమో.

"పో తల్లీ. ఈసారి ఎనక్కి తెచ్చేవాళ్ళు ఎవురూ లేరు" అంది అత్త.

జారిపోయింది. నల్లటి వీపు ఒకసారి మెలిక తిరిగింది, ఆ తర్వాత నీళ్ళే.

ఒడ్డుకు వచ్చేదాకా అత్త డ్రమ్ము మూత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ దిగాక అడిగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తాది నాయనా?"

చేపలాయన నా ముఖం చూశాడు. తర్వాత తనే చెప్పాడు.

"అది రాదమా. గుడ్లు పెట్టినాక ఉండదు. పిల్లలొస్తాయి. దారప్పోగుల మాదిరి ఉంటాయి, ఇటు చూస్తే అటు కనబడేంత పల్చన. ఏటినీళ్ళ వాసన పట్టుకోని ఒడ్డు ఎంటే వస్తాయి. ముందు ఈ ప్లాంటు దాటాల, ఆ పైన మీ డ్యాం ఎక్కాల. అందుకే మాకిప్పుడు కనబడవు."

తిరుగుదారిలో మా అత్త ముందు సీట్లో కూర్చుంది. డ్రమ్ము మూత ఒళ్ళోనే ఉంది, పక్కన పెట్టమన్నా పెట్టలేదు. బద్వేలు దాటాక నన్ను పిలిచింది.

"మ్మే, మనం తెలీక ఎనక్కి తెచ్చినాము. ఆ ప్లాంటోళ్ళకు తెలుసు గదా?"

"తెలుసత్తా."

"తెలిసీ?"

అద్దంలోంచి బయట తోటల్లో బోరుమోటార్లు నీళ్ళు పోస్తూ కనబడ్డాయి.  మా తోట మోటారు తిరిగేది అలాంటి కరెంటుతోనేనని నాకు తెలియక కాదు. కరెంటు వద్దనే స్తోమత నాకు లేదు. కానీ మెడలో తాళి ఉందని మొగుడి తప్పును తప్పనకుండా ఉంటామా? వాడుకునే మనిషిని కాబట్టే అడిగే హక్కు నాకు ఎక్కువ ఉందనిపించింది.

కొన్నాళ్ళకు చేపలాయన ఫోన్ చేశాడు. ప్లాంటులో ఇంకో యూనిట్ కడతారట, ఊళ్ళో షామియానా వేసి జనం మాట వింటారట. "మా మాట ఎటూ అలవాటైపోయింది వాళ్ళకు. నువ్వొస్తావా అక్కా?" అన్నాడు. వస్తానన్నాను. ఏం మాట్లాడాలో బస్సులోనే అనుకున్నాను.

నా వంతు వచ్చి ఊరి పేరు చెప్పగానే వేదిక మీదున్న ఒక అధికారి నవ్వాడు. "కడప జిల్లానా మేడమ్? మీకు సముద్రమే లేదు కదా. ఈ ప్రాజెక్టుతో మీకేం సంబంధం?" వెనక కుర్చీల్లో కూడా కొందరు నవ్వారు.

నాకు కోపం వచ్చింది. కోపంలో నాకు మాట బాగా వస్తుంది.

"సముద్రం లేదు సార్. కానీ మా బావిలో నలభై ఏళ్ళకు పైబడి పెరిగిన చేప మీ సముద్రంలో పుట్టింది. దాని పిల్లలు ఈ ఒడ్డు దాటితేనే మా ఊరికి వస్తాయి. మీరు ఇక్కడ లాగే నీళ్ళలో మా ఏటి చేపలున్నాయి. అందుకే వచ్చినా" అన్నాను.

ఆ తర్వాత అడగాల్సినవి అడిగాను. నీళ్ళు లాగే చోట పిల్లలు దూరలేనంత సన్నటి జాలీ పెట్టండి. పిల్లలు ఒడ్డుకొచ్చే కాలంలో లాగుడు తగ్గించండి. వాడిన నీళ్ళు చల్లార్చి వదలండి. డ్యాంవాళ్ళతో మాట్లాడి చేపలు ఎక్కే దారి పెట్టించండి. కొత్తది కట్టేముందు పాతది ఎన్ని మింగిందో చెప్పండి. మైకు తీసుకోబోయినా వదల్లేదు, అన్నీ అయ్యాకే ఇచ్చాను. రాసుకున్నామన్నారు. జాలీ మారుతుందో లేదో నాకు తెలియదు. మారకపోతే మళ్ళీ పోవడానికి బస్సులున్నాయి.

మర్నాడు పొద్దున ఊరు చేరి, ఇంట్లో ఎవరూ లేకపోతే తోటకు పోయాను. బావి దగ్గర మనుషులున్నారు. మా ఆయన, ఇద్దరు కూలీలు అడుగున పూడిక తీస్తున్నారు. మా అత్త పైన నిలబడి గదమాయిస్తోంది. మలుగు పోతే బావి పోయినట్లేనన్న మనిషి, మలుగు లేని ఎండుబావికి పూడిక తీయిస్తోంది.

"చెప్పినావా?" అంది నన్ను చూడగానే.

"చెప్పినా."

"ఇంటారా?"

"తెలీదు. ఇనకపోతే మళ్ళీ పోతా."

"ఈసారి నేనూ వస్తా" అని, మా ఆయన చేతిలోని గడ్డపార పైకి అందించమని తీసుకుంది. మెట్ల మీద కూర్చుని తూములో ఉన్న నల్లరాయి చుట్టూ సున్నం తవ్వడం మొదలుపెట్టింది. మామ స్వయంగా పెట్టిన రాయి. ఆయన పోయాక ఆయన వస్తువు ఒక్కటీ కదిలించనివ్వలేదు ఆమె, చేతికర్ర కూడా తలుపు మూలన అలాగే ఉంది. నేను పోయి గడ్డపార రెండో పక్క పట్టుకున్నాను. కిందివాళ్ళను పక్కకు జరగమని, ఇద్దరం కలిసి పెకలిస్తే రాయి కదిలి, దొర్లి, అడుగున మట్టిలో పడింది.

అత్త తూములోకి చెయ్యి పెట్టి అవతల కాలవ తగిలేదాకా చాపింది. వేళ్ళకు అంటిన పొడిమట్టి చూసుకుంది. ఏట్లో చుక్క నీళ్ళు లేవు.

"ఇప్పుడే ఎందుకత్తా? వస్తాయో రావో, ఎన్నేళ్ళకు వస్తాయో" అన్నాను.

"వాళ్ళమ్మ ఎంటొచ్చి ఇల్లు చూపించేదానికి లేదు గదమ్మే. మనం తలుపన్నా తీసి పెట్టల్ల" అంది.